అవే మూడు ఇడ్లీలు, పొద్దున ఒక అంకె, రాత్రి ఇంకో అంకె: ఒంట్లోని గడియారాల లెక్క

చేతికి గ్లూకోజ్ సెన్సర్ అతికించుకున్నవాళ్ళకు మొదటి వారంలోనే ఒక అనుమానం వస్తుంటుంది. పొద్దున ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు తింటే ఫోన్‌లో గీత కాస్త లేచి దిగింది. అవే మూడు ఇడ్లీలు రాత్రి ఎనిమిదిన్నరకు తింటే ఇంకా పైకి పోయింది, దిగడానికీ ఎక్కువసేపు తీసుకుంది. పిండి అదే, చట్నీ అదే. సెన్సర్ చెడిందా అనుకుంటాం. పక్కింట్లో షుగర్ మందులు వాడే పెద్దాయన్ని అడిగితే కథ తిరగబడుతుంది: ఆయనకు టిఫిన్ తర్వాతే అంకె అన్నిటికంటే ఎక్కువ, రాత్రి భోజనం తర్వాత అంత ఉండదు.

ఇద్దరి సెన్సర్లూ సరిగ్గానే పనిచేస్తూ ఉండవచ్చు. తేడా ఒంట్లోని గడియారాల్లో ఉంది. ఫోన్లలో తిరిగే ‘ఏడు దాటితే తినొద్దు’, ‘పదహారు గంటలు పస్తుండండి’ అనే సందేశాలు ఈ గడియారాల పేరే చెబుతాయి గానీ, వీటిలో రుజువైనదేదో, ఇంకా తగువులో ఉన్నదేదో చెప్పవు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్కన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. అంటే ఈ తేడా తెలుసుకోవాల్సిన ఇళ్ళు చాలానే ఉన్నాయి.

గడియారం అంటే ముల్లుల్లేని గడియారమే

పొద్దుగూకగానే చింతాకు ముడుచుకోవడం మనకు కొత్త కాదు. వెలుగు పోయింది కాబట్టి ముడుచుకుందని అనుకుంటాం. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఇలాగే ఆకులు ముడిచే ఒక మొక్కను (అత్తిపత్తి అయి ఉంటుందంటారు) చీకట్లో పెట్టి చూశాడు. సూర్యుడు కనిపించకపోయినా ఆకులు పగలు విప్పుకుని రాత్రి ముడుచుకుంటూనే ఉన్నాయి. రోజు ఎంత పొడవో మొక్కకు లోపలే తెలుసన్నమాట.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. మేడమీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతిని గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు నిండేకొద్దీ బంతి లేచి కుళాయిని మూసేస్తుంది, నీళ్ళు వాడేకొద్దీ దిగి మళ్ళీ తెరుస్తుంది. కణంలో క్లాక్, బీమాల్1 అనే రెండు ప్రొటీన్లు జతకూడి కుళాయి తిప్పుతాయి. దాంతో పెర్, క్రై అనే ప్రొటీన్లు తయారై పోగవుతాయి. అవి తగినంత పోగయ్యాక కణకేంద్రకంలోకి వెళ్ళి తమను పుట్టించిన కుళాయినే మూసేస్తాయి. తర్వాత మెల్లగా విరిగిపోతాయి, కుళాయి మళ్ళీ తెరుచుకుంటుంది. ఈ చుట్టు తిరగడానికి పట్టే కాలం ఇంచుమించు ఒక రోజు. ‘సర్కేడియన్’ అనే లాటిన్ మాటకూ అర్థం అదే, ఇంచుమించు ఒక రోజు. పీరియడ్ అనే మొదటి గడియారపు జన్యువు జాడ 1971లో పండ్ల ఈగల్లో దొరికింది. ఈ చుట్టు ఎలా తిరుగుతుందో తేల్చినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

ఆ ‘ఇంచుమించు’ను చిన్నచూపు చూడకూడదు. పగలూ రాత్రీ తెలియని గదుల్లో మనుషుల్ని ఉంచి కొలిస్తే సగటు చుట్టు 24 గంటల 11 నిమిషాల దాకా తేలింది. రోజుకు 11 నిమిషాలు వెనకబడే గడియారాన్ని సరిచేయకుండా వదిలేస్తే పది రోజుల్లో 110 నిమిషాలు, అంటే దాదాపు రెండు గంటలు తప్పుతుంది. కాబట్టి దీన్ని రోజూ ఎవరో ఒకరు తిప్పి సరిచేయాలి.

మెదడు గడియారాన్ని వెలుగు తిప్పుతుంది, కాలేయం గడియారాన్ని కంచం తిప్పుతుంది

మెదడు అడుగున, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు కలిసే చోటికి సరిగ్గా పైన సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఉంది. దాని పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. ఇక్కడ దాన్ని పెద్ద గడియారం అందాం. కంటిలో చూపుతో పెద్దగా పనిలేని కొన్ని కణాలు మెలనాప్సిన్ అనే పదార్థంతో వెలుగును పట్టి దీనికి కబురు పంపుతాయి. ఆ పదార్థం బాగా స్పందించేది నీలి వెలుగుకు, 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. మామూలు ఆఫీసు గదిలో వెలుగు 300 నుంచి 500 లక్స్ ఉంటే, బయట మిట్టమధ్యాహ్నపు ఎండలో అది లక్ష లక్స్‌కు చేరగలదు. కంటికి గది బాగానే వెలుగుగా కనిపిస్తుంది. పెద్ద గడియారానికి మాత్రం అది సాయంసంధ్యతో సమానం.

కాలేయం, క్లోమం, కొవ్వు, కండరం, వీటన్నిటికీ సొంత గడియారాలున్నాయి. పెద్ద గడియారం హార్మోన్ల ద్వారా, ఒంటి వేడి ద్వారా వీటికి వేళ చెబుతుంది. కానీ వీటిలో చాలావాటికి ఇంకో యజమాని ఉన్నాడు: తిండి. రాత్రి తిరిగే ఎలుకలకు పగలు మాత్రమే మేత పెడితే వాటి కాలేయం గడియారం తలకిందులవుతుందనీ, మెదడులోని పెద్ద గడియారం మాత్రం చెక్కుచెదరదనీ 2000లో జెనీవా పరిశోధకులు చూపించారు. అంటే ఒకే ఒంట్లో రెండు గడియారాలు రెండు వేళలు చూపించగలవు.

మనుషుల్లో ఇది అంత తీవ్రంగా కనిపించలేదు, కానీ కనిపించింది. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం 2017లో పదిమంది యువకులకు మూడు పూటల తిండినీ 5 గంటలు ఆలస్యంగా పెట్టింది. ఆరు రోజుల తర్వాత రక్తంలో చక్కెర హెచ్చుతగ్గుల లయ 5.7 గంటలు వెనక్కి జరిగింది. కొవ్వులోని పెర్2 జన్యువు గడియారం సుమారు గంట జరిగింది. పెద్ద గడియారానికి గుర్తులైన మెలటోనిన్, కార్టిసాల్ హార్మోన్ల లయ కదల్లేదు. ఆలస్యంగా తినడమంటే గడియారం మొత్తాన్ని వెనక్కి తిప్పడం కాదు, గడియారాల మధ్య పొత్తు చెడగొట్టడం.

రాత్రి ఇడ్లీకి అంకె ఎందుకు పెరిగింది

రాత్రి తిన్నాక కూర్చుంటాం, పొద్దున తిన్నాక బస్సు కోసం పరుగెడతాం. అంకెలో తేడాకు అదొక్కటే కారణం కావచ్చుగా? ఈ అనుమానం న్యాయమైనదే. దాన్ని తీర్చడానికే బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు 14 మంది ఆరోగ్యవంతుల్ని ప్రయోగశాలలో ఉంచి, మొదట మామూలు వేళల్లోనూ, తర్వాత నిద్రనూ మెలకువనూ 12 గంటలు తిరగేసీ అదే భోజనం పెట్టి కొలిచారు. అలా చేస్తే అలవాట్ల ప్రభావం ఒకవైపు, గడియారం ప్రభావం ఇంకోవైపు విడిగా తేలుతుంది. 2015లో వచ్చిన ఫలితం: ఒంటి గడియారంలో రాత్రి ఎనిమిది అయినప్పుడు తిన్న భోజనానికి చక్కెర, ఉదయం ఎనిమిదికి తిన్నదానికంటే 17 శాతం ఎక్కువ. నిద్ర తలకిందులైనందుకు మరో 6 శాతం.

లెక్క కోసం ఉదయం భోజనం తర్వాత ఒకరి సగటు 120 అనుకుందాం. దానికి 17 శాతం కలిపితే 140. డాక్టర్లు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలో రెండు గంటల తర్వాత మామూలుకూ, మధుమేహం గుమ్మానికీ గీత గీసే అంకె కూడా 140. భోజనం తర్వాతి సగటూ ఆ పరీక్ష అంకే ఒకటే కావు గానీ, 17 శాతం ఎంత మేరకు ఉంటుందో తెలియడానికి ఈ పోలిక చాలు.

కారణం ప్రధానంగా క్లోమంలో ఉంది. తిన్న వెంటనే వచ్చే ఇన్సులిన్ తొలి విడత రాత్రివేళ 27 శాతం తక్కువగా వచ్చింది. ఆ తొలి విడతే కాలేయానికి ‘ఇక చక్కెర వదలకు’ అని చెప్పేది. అది చాలకపోతే ఇడ్లీ చక్కెరకు కాలేయం చక్కెర తోడవుతుంది.

రెండో కారణం మెలటోనిన్. నిద్రవేళకు ఇంచుమించు రెండు గంటల ముందు ఈ హార్మోన్ రక్తంలో లేవడం మొదలవుతుంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద దీన్ని పట్టుకునే ద్వారాలున్నాయి. స్పెయిన్‌లో 845 మంది పెద్దలకు ఒక రాత్రి పడుకోవడానికి నాలుగు గంటల ముందు, ఇంకో రాత్రి ఒక గంట ముందు గ్లూకోజ్ తాగించి 2022లో ఫలితం ప్రచురించారు. ఆలస్యంగా తాగినప్పుడు మెలటోనిన్ 3.5 రెట్లు ఎక్కువ, ఇన్సులిన్ 6.7 శాతం తక్కువ, చక్కెర 8.3 శాతం ఎక్కువ. ఎంటీఎన్ఆర్1బీ అనే జన్యువులో ఒక రకం మార్పు ఉన్నవాళ్ళలో దెబ్బ బాగా కనిపించింది. కాబట్టి ఒకే ఇంట్లో పదింటికి తినే అన్నదమ్ములిద్దరిలో ఒకరికి మాత్రమే అంకె పెరిగితే అందులో వింత లేదు. ఇక్కడ కొలత గోడ గడియారంతో కాదని కూడా గమనించాలి. తొమ్మిదికి పడుకునేవారి ఎనిమిదీ, ఒంటిగంటకు పడుకునేవారి ఎనిమిదీ ఒకటి కావు. ‘ఏడు దాటితే’ అనే సందేశం తప్పేది ఇక్కడే.

పరగడుపు అంకె మాత్రం పొద్దున్నే ఎక్కువ

ఇంతదాకా చదివితే ఉదయం ఒంటికి చక్కెర విషయంలో మంచి సమయమనిపిస్తుంది. అప్పుడు పరగడుపు పరీక్షలో లెక్క తిరగబడుతుంది. 1988-94 మధ్య అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో కొందరికి ఉదయం, కొందరికి మధ్యాహ్నం పస్తు మీద రక్తం తీశారు. ఉదయం సగటు సుమారు 97, మధ్యాహ్నం 92. మధుమేహం గీత 126 దాటినవాళ్ళు మధ్యాహ్నం గుంపులో ఉదయం గుంపులోని వాళ్ళకు సగమే. ఉదయాన్నే రమ్మని ల్యాబ్ వాళ్ళు చెప్పడంలో సౌకర్యం ఒక్కటే లేదు. ఆ హద్దులన్నీ ఉదయపు రక్తం మీద కట్టినవి.

తెల్లవారుజామున ఒళ్ళు లేవడానికి సిద్ధమవుతుంది. కార్టిసాల్ పెరుగుతుంది, రాత్రి విడుదలైన గ్రోత్ హార్మోన్ ప్రభావం ఇంకా ఉంటుంది, కాలేయం నిల్వ చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతుల్లో క్లోమం ఆ మేరకు కొంచెం ఇన్సులిన్ పెంచి సరిపెడుతుంది. టైప్ 2 మధుమేహంలో ఆ సరిపెట్టే శక్తే తగ్గింది. అందుకే రాత్రి పడుకునేటప్పుడు 130 ఉన్నది ఏమీ తినకుండానే పొద్దున 160గా కనిపిస్తుంది. కాలేయం కుళాయి ఇంకా తెరిచే ఉండగా ఇడ్లీలు వచ్చి పడతాయి. పక్కింటి పెద్దాయనకు టిఫిన్ తర్వాతి అంకె రోజంతటిలోకీ ఎక్కువగా ఉండేది ఇందుకే. ఆయన ‘రాత్రి ఎక్కువ తిన్నాను’ అని తన్ను తాను తిట్టుకుంటాడు, పాపం.

టిఫిన్ మానేస్తే సరిపోతుందా? అక్కడో మెలిక ఉంది. ఒక భోజనం జరిగాక కొన్ని గంటల్లో వచ్చే రెండో భోజనానికి చక్కెర తక్కువ పెరుగుతుందని 1920ల నుంచే తెలుసు, స్టౌబ్-ట్రౌగాట్ ప్రభావం అంటారు. టిఫిన్ లేనినాడు మధ్యాహ్నపు అన్నమే మొదటి భోజనం. ఆ సాయం దానికి దొరకదు.

బరువు దగ్గరికి వచ్చేసరికి తగువు మొదలవుతుంది

చక్కెర మీద వేళ ప్రభావం ఉందన్నంత ధీమాగా బరువు మీద ఉందని చెప్పలేం. ఆశ పుట్టించింది ఎలుకలు. 2012లో అమెరికాలోని సాల్క్ పరిశోధన సంస్థలో సచ్చిదానంద పండా బృందం కొన్ని ఎలుకలకు కొవ్వు మేత రోజంతా, కొన్నిటికి రాత్రి 8 గంటలు మాత్రమే పెట్టింది. తిన్న కెలోరీలు సమానం. రెండో గుంపు చాలా తక్కువ లావెక్కింది. కానీ ఎలుకకు 16 గంటల పస్తు మనకు 16 గంటల పస్తులాంటిది కాదు. దాని ఒళ్ళు చిన్నది, నిల్వ త్వరగా కరుగుతుంది.

మనుషుల మీద 2020లో అమెరికాలో 116 మందితో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా మాత్రమే తినే పద్ధతిని 12 వారాలు పరీక్షించారు. వాళ్ళు తగ్గింది 0.94 కిలో, మూడు పూటలా తిన్నవాళ్ళు తగ్గింది 0.68 కిలో. ఆ తేడా లెక్కలోకి రాదు. గడియారం పక్షం వహించేవాళ్ళు ‘పొద్దున వదిలేసి రాత్రి తినమంటే అంతేగా’ అన్నారు. సరే, 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఊబకాయులకు కెలోరీలు తగ్గించి, వాళ్ళలో సగం మందిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపలే తినమన్నారు, ఏడాది పాటు. వాళ్ళు 8 కిలోలు తగ్గారు, వేళ పట్టింపు లేకుండా అన్నే కెలోరీలు తిన్నవాళ్ళు 6.3 కిలోలు. ఈ తేడా కూడా యాదృచ్ఛికమై ఉండవచ్చనే తేలింది.

ఇంకో జత ఫలితాలు పక్కపక్కన పెడితే విషయం కొంత తెరిపిన పడుతుంది. 2013లో ఇజ్రాయెల్‌లో 93 మంది స్త్రీలకు రోజుకు 1400 కెలోరీల తిండే ఇచ్చి, సగం మందికి పెద్ద టిఫిన్ (700), చిన్న రాత్రి భోజనం (200), మిగతావారికి దాని తిరగేత చెప్పారు. 12 వారాల్లో మొదటివాళ్ళు 8.7 కిలోలు, రెండోవాళ్ళు 3.6 కిలోలు తగ్గారు. 2022లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో 30 మందికి తిండంతా పరిశోధకులే తూచి ఇచ్చారు. నాలుగు వారాల్లో తగ్గింది పొద్దున ఎక్కువ తింటే 3.33 కిలోలు, రాత్రి ఎక్కువ తింటే 3.38 కిలోలు. తేడా మాయం! ఒంట్లో ఖర్చయ్యే శక్తిలోనూ తేడా లేదు. కానీ పొద్దున ఎక్కువ తిన్నప్పుడు ఆకలి తక్కువ. నా అంచనా ఇది: వేళ పనిచేసేది కొవ్వును కరిగించి కాదు, ఆకలిని తగ్గించి. తిండి తూచి ఇచ్చే చోట ఆకలికి చేయడానికి పనేమీ ఉండదు, ఇంట్లో వంటగది తలుపు తెరిచే ఉంటుంది.

బరువు తగ్గకుండానే మేలు జరగవచ్చని చూపించిన చిన్న పరీక్షా ఉంది. 2018లో మధుమేహం గుమ్మంలో ఉన్న 8 మంది పురుషులు మధ్యాహ్నం మూడు లోపల తిండి ముగించే పద్ధతిలో ఐదు వారాలు గడిపితే ఇన్సులిన్ పనితీరూ, రక్తపోటూ మెరుగయ్యాయి. ఎనిమిది మందే, మగవాళ్ళే. మన ఒంటిపొద్దును దీనికి సాక్ష్యంగా తెచ్చేవాళ్ళున్నారు. శనివారం ఒంటిపొద్దులో అన్నం పగలే అవుతుంది, రాత్రికి పలహారం. కార్తీక సోమవారం మాత్రం నక్షత్రం కనబడ్డాకే ముద్ద. ఒంటి గడియారం లెక్కలో ఈ రెండూ ఎదురెదురు దిక్కులు.

మందుల విషయంలోనూ ఆశ ముందుకెళ్ళి, ఆధారం వెనకబడింది. బీపీ మాత్రలు రాత్రి వేసుకుంటే గుండెపోట్లు బాగా తగ్గుతాయని 2019లో ఒక స్పానిష్ అధ్యయనం చెప్పింది. బ్రిటన్‌లో 21,104 మందితో జరిగిన ‘టైమ్’ అనే పరీక్ష 2022లో ఉదయానికీ రాత్రికీ తేడా లేదని తేల్చింది. కొలెస్టరాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్‌ను రాత్రి వేసుకోమనడానికి మాత్రం గట్టి కారణం ఉంది. కాలేయం కొలెస్టరాల్ ఎక్కువగా తయారుచేసేది రాత్రి, ఆ మందు ఒంట్లో నిలిచేది కొన్ని గంటలే. రోజంతా నిలిచే అటోర్వాస్టాటిన్‌కు ఆ పట్టింపు లేదు.

వారం వారం కువైట్ వెళ్ళివచ్చే నిద్ర

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒకరు పని రోజుల్లో రాత్రి 11:30కి పడుకుని 6:30కి లేస్తారనుకుందాం. నిద్ర నడిమి వేళ 3 గంటలు. సెలవు రోజుల్లో 1:30కి పడుకుని 9:30కి లేస్తే నడిమి వేళ 5:30. తేడా రెండున్నర గంటలు. ఇండియాకూ కువైట్‌కూ ఉన్న తేడా సరిగ్గా అంతే. ప్రతి శుక్రవారం కువైట్ వెళ్ళి ఆదివారం రాత్రి తిరిగొచ్చినట్టన్నమాట, విమానం టికెట్టు లేకుండా. దీనికి జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోనెబర్గ్ బృందం 2006లో ‘సోషల్ జెట్‌లాగ్’ అని పేరు పెట్టింది. అది ఎక్కువున్నవాళ్ళలో ఊబకాయం ఎక్కువని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. ఏది కారణమో ఏది ఫలితమో వాటితో తేలదు.

మన ప్రాంతానికి సంబంధించి ఒక చిన్న వివరం. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు పదహారు నిమిషాలు ఆలస్యం. గోడ గడియారాలు ఒకటే చూపినా పెద్ద గడియారాన్ని తిప్పే వెలుగు రెండు ఊళ్ళకూ ఒకే వేళకు రాదు.

నైట్ డ్యూటీలో పొత్తు పూర్తిగా చెడుతుంది

గడియారాల మధ్య ఎడం అన్నిటికంటే పెరిగేది రాత్రి షిఫ్టుల్లో. అమెరికాలో సుమారు 1,77,000 మంది నర్సుల్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2011లో వచ్చింది. నెలకు కనీసం మూడు రాత్రుల చొప్పున మారే షిఫ్టుల్లో పనిచేసినవాళ్ళలో టైప్ 2 మధుమేహం ముప్పు ఒకటి రెండేళ్ళకు 5 శాతం, మూడు నుంచి తొమ్మిదేళ్ళకు 20, పది నుంచి పంతొమ్మిదేళ్ళకు 40, ఇరవై ఏళ్ళు దాటితే 58 శాతం ఎక్కువ. బరువు ప్రభావాన్ని తీసేసి చూస్తే ఇవి 3, 6, 10, 24కి దిగాయి. ముప్పులో పెద్ద వాటా పెరిగిన బరువు దారిలోనే వస్తోందనీ, ఆ దారితో సంబంధం లేని వాటా కూడా మిగులుతోందనీ దీని అర్థం.

మిగిలిన ఆ వాటాలో అర్ధరాత్రి తిండి పాత్ర ఎంతో బోస్టన్‌లోనే ఇంకో ప్రయోగం చూసింది. 2021లో 19 మందిని ప్రయోగశాలలో రాత్రి షిఫ్టు తరహాలో మేలుకోబెట్టారు. కొందరు రాత్రీ పగలూ తిన్నారు, కొందరు పగలు మాత్రమే. మొదటి గుంపులో సగటు చక్కెర 6.4 శాతం పెరిగింది, రెండో గుంపులో పెరగలేదు. నిద్ర ఇద్దరికీ తలకిందులే. కంచం మాత్రం పగటికి కట్టి ఉంచితే కాలేయం గడియారం పెద్ద గడియారంతో జట్టు వదల్లేదని వాళ్ళ వివరణ.

గనిలోనో ఆసుపత్రి వార్డులోనో ఇది ప్రయోగశాలంత సాఫీగా సాగదు. రాత్రి రెండింటికి ఒళ్ళు బరువెక్కి, కునుకు ఆపడానికే చాలామంది టీ, బిస్కెట్ల జోలికి పోతారు. షిఫ్టు దిగి ఉదయం ఎనిమిదికి ఎండలో బస్సెక్కితే ఆ వెలుగు పెద్ద గడియారాన్ని మళ్ళీ పగటికే బిగిస్తుంది, పగటి నిద్ర ఐదారు గంటలకే తెగిపోతుంది. సెలవు రోజున ఇంట్లోవాళ్ళతో కలిసి తింటారు, రాత్రే పడుకుంటారు. వారం తిరిగేలోపు షిఫ్టు మారితే, ఏ వేళకూ పూర్తిగా అలవాటు పడని గడియారాలతోనే మరుసటి డ్యూటీకి వెళతారు. అలాంటివారి చేతికి సెన్సర్ పెడితే మూడు ఇడ్లీలకు వారంలో ఒక్కో రోజు ఒక్కో అంకె వస్తుంది.